చిన్నాకు, పాత బండి ఆయిల్ సంగతి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ నాన్న మోకాలు కాస్త నయం, మెట్లు ఎక్కగలుగుతున్నారు. పాపకి ముద్దులు.

మన పాత కారు ఇంజన్‌కి ఏ ఆయిల్ పోయాలని ఫోన్లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేను, అందుకే రాస్తున్నా. ఆటోనగర్ మేస్త్రేమో "లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండి, 20డబ్ల్యు-50 పోసేద్దాం" అన్నాడు. మీ ఆఫీసతనేమో "0డబ్ల్యు-20 ఫుల్ సింథటిక్ తప్ప ఇంకేదీ వద్దు" అన్నాడు (సింథటిక్ అంటే ఫ్యాక్టరీలో రసాయనికంగా తయారుచేసిన ఆయిల్). ఎవరి మాట వినాలి అన్నావు. నన్నడిగితే ఇద్దరిదీ వద్దు. ఒకరు బండి వయసు చూసి చెప్పారు, ఇంకొకరు తన కొత్త కారును చూసి చెప్పారు. మన బండి ఇప్పుడు ఎలా తిరుగుతోందో ఇద్దరూ అడగలేదు.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. ఇంటర్ పిల్లలకి స్నిగ్ధత పాఠం చెప్పి చెప్పి అలవాటైపోయింది, కాస్త ఓపిక పట్టు. డబ్ల్యు అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 20డబ్ల్యుని మైనస్ 15 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యుని మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. బెజవాడలో జనవరి తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు కాబట్టి ఆ అంకెతో మనకేం పని అనిపిస్తుంది. మేస్త్రి అనేదీ అదే. కానీ 40 డిగ్రీల దగ్గర కొలిచినా 5డబ్ల్యు-30 చిక్కదనం 60, 65 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత అది) చుట్టూ ఉంటే, 20డబ్ల్యు-50ది 150 దాటుతుంది. 40 డిగ్రీలంటే మీ అపార్ట్‌మెంట్ కింద ఎండాకాలం మధ్యాహ్నం ఆగి ఉన్న బండిలోని ఆయిలే. తాళం తిప్పిన మొదటి క్షణాల్లో ఆ ఆముదం లాంటిది పై దాకా, వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా ఎక్కాలి. ఇంజన్ అరుగుదలలో పెద్ద వాటా ఆ స్టార్టింగ్ సమయంలోనే పడుతుంది.

రెండో అంకె 100 డిగ్రీల దగ్గరి చిక్కదనం. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 పైన. "మన ఎండలకి చిక్కటిదే మంచిది" అని అందరూ అంటారు గానీ, బయట 45 ఉన్నా 25 ఉన్నా నడుస్తున్న ఇంజన్‌ని థర్మోస్టాట్ దాదాపు ఒకే వేడి దగ్గర ఉంచుతుంది. ఏసీ వేసుకుని బెంజి సర్కిల్ దగ్గర ఇరుక్కున్నప్పుడు ఆయిల్ మామూలు కంటే కాస్త ఎక్కువ కాగుతుంది, నిజమే. దానికి 30 నుంచి 40కి ఒక్క మెట్టు ఎక్కితే చాలు, రెండు మెట్లు అక్కర్లేదు. 50 పోశాక శబ్దం తగ్గిందని సంబరపడేవాళ్ళని చూశాను. శబ్దం తగ్గినంత మాత్రాన అరిగింది బాగుపడదు. పంపు అంత చిక్కటి ఆయిల్‌ని తోయడానికి అవస్థ పడుతుంది, మైలేజీ తగ్గుతుంది, సన్న దారుల్లోకి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది.

ఇక 0డబ్ల్యు-20. ఈమధ్య వస్తున్న కార్లలో బేరింగుల సందులు, పంపు, అన్నీ ఆ పలచదనానికి సరిపడేలా తయారుచేస్తున్నారు. మనది 2011 బండి. డాష్‌బోర్డు అరలో బండి పుస్తకం ఉంది, పారేయలేదు కదా? అందులో ఆయిల్ పేజీ తెరువు. బయటి వేడిని బట్టి ఏ గ్రేడు పోయవచ్చో గీతలు గీసి ఉంటాయి. అందులో 30 ఉంది, 40 ఉంది. 20 లేదు. లేనిదాన్ని పోయకు, అది ఎంత ఖరీదైనదైనా సరే.

అసలు సంగతి ఇక్కడుంది. నేను నడిపినన్నాళ్ళూ ఆ బండి గుంటూరు నుంచి కాజ టోల్‌గేటు మీదుగా బెజవాడ పోయి, సాయంత్రానికి తిరిగొచ్చేది. వెళ్ళేటప్పుడు 35 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 35. ఆయిల్ బాగా కాగేది, అందులో చేరిన తేమ, పెట్రోల్ ఆవిరైపోయేవి. నువ్వు పటమట నుంచి బందరు రోడ్డు ఆఫీసుకి పోతావు. ఆయిల్ పూర్తిగా కాగేలోపే ఇంజన్ ఆపేస్తావు. కిలోమీటర్ల మీటరు చూస్తే బండి తిరగనట్టే ఉంటుంది గానీ, ఆయిల్‌కి మాత్రం నా నడక కంటే నీ నడకే కష్టం. అందుకని 10,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చే లెక్క నీకు పనికిరాదు. ఆరు నెలలకో, 5,000 కిలోమీటర్లకో, ఏది ముందైతే అప్పుడు మార్చెయ్. మామూలు ఆయిల్ వేళకి మార్చినా, ఖరీదైన ఆయిల్ పోసి రెండేళ్ళు మర్చిపోయినదానికంటే మేలే. ఆదివారాల్లో ఒకసారి హైవే ఎక్కి ఇటు రా. ఇంజన్‌కీ మంచిది, మాకూ పాపని చూసినట్టుంటుంది.

గ్రేడు నిర్ణయించే ముందు బండి ఎంత ఆయిల్ తాగుతోందో చూడు. చదునైన చోట ఆపి, ఇంజన్ కట్టేసి ఒక పది నిమిషాలు ఆగు. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తియ్యి. ఎక్కడుందో కాగితం మీద రాసుకో, కిలోమీటర్లతో సహా. వారానికొకసారి చాలు. నెల రోజుల తర్వాత ఆ కాగితం చెప్పినంత నిజం ఏ మేస్త్రీ చెప్పలేడు. మట్టం కదలకపోతే పుస్తకం చెప్పిన 5డబ్ల్యు-30తోనే ఉండు. మెల్లగా దిగుతుంటే 5డబ్ల్యు-40కి మారు. వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు దాటి తాగుతుంటే గ్రేడు మార్చడం కాదు, విప్పి చూపించాల్సిన పని. తగ్గినది నింపేటప్పుడు మాత్రం డిప్‌స్టిక్ మీది పై గీత దాటనివ్వకు. ఎక్కువైతే ఇంజన్ అడుగున తిరిగే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ ఇంజన్‌ని కాపాడదు.

తాగే ఆయిల్ ఎటు పోతోందో కూడా తెలుసుకోవాలి. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి ఉంచు, కారితే పొద్దున్నకి మరక పడుతుంది. మరక లేకుండా మట్టం దిగుతోందంటే లోపల కాలుతోందని. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి పోతే వాల్వు సీళ్ళు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ముక్కలు) పాడైనట్టు, గట్టిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వస్తే పిస్టన్ రింగులు అరిగినట్టు. ఆయిల్ నల్లగా ఉందని టెన్షన్ పడకు, అది మురికిని పట్టుకుంటోందని అర్థం. పాలు కలిపిన కాఫీలా మారితే మాత్రం ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ కలుస్తుండవచ్చు, బండి ఆపేసి ఫోన్ చెయ్. డాష్‌బోర్డులో ఆయిల్ గుర్తున్న ఎర్ర దీపం వెలిగినా అంతే, షెడ్డు దాకా పోదాంలే అనుకోకు.

సీళ్ళ దగ్గర చెమ్మగా కనిపిస్తే ముందు ఇంజన్ లోపలి గాలిని వదిలే పీసీవీ వాల్వు చూపించు. చిన్న భాగం, పెద్ద ఖర్చు కాదు. అది మూసుకుపోతే లోపలి గాలికి దారిలేక ఆయిల్‌ని సీళ్ళ లోంచి బయటికి తోస్తుంది. హై మైలేజీ అని రాసిన డబ్బాలుంటాయి, అమెరికాలో వాటి మీద 75,000 మైళ్ళు అని వేస్తారు, అంటే మన లెక్కలో 1.2 లక్షల కిలోమీటర్లు. గట్టిపడ్డ రబ్బరు సీళ్ళని కాస్త ఉబ్బించి మెత్తబరిచే రసాయనాలు వాటిలో ఉంటాయి. కొద్దిపాటి చెమ్మకి పనిచేస్తాయి, అరిగిన రింగులకి చేసేదేమీ లేదు. మన కొట్లలో అంతగా కనపడవు, దొరకలేదని బాధపడక్కర్లేదు.

సింథటిక్ పోస్తే పాత బండి కారుతుందని నీకు ఎవరో చెప్పారట. ఎప్పుడో తొలినాళ్ళ సింథటిక్‌లు సీళ్ళని కుదించిన మాట నిజమే, ఇప్పటివి అలా చేయవు. కాకపోతే ఏళ్ళ తరబడి మార్చని ఇంజన్‌లో పేరుకున్న గసి కొన్నిచోట్ల కారుడుని మూసి ఉంచుతుంది, మంచి ఆయిల్ పడితే అది కరిగి కారుడు బయటపడవచ్చు. మన బండికి ఆ భయం లేదు, వేళ తప్పలేదు. అందుకే ఇంజన్ ఫ్లష్ (రసాయనం పోసి లోపల కడగడం) చేద్దామంటే వద్దను. అక్కడక్కడా అంటుకున్నది ఒక్కసారిగా ఊడి పంపు జల్లెడకి అడ్డంపడితే మొదటికే మోసం.

డబ్బా మీద ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) నాణ్యత గుర్తు చూడు. ఎస్‌తో మొదలయ్యేది పెట్రోల్ బండ్లకి, సీతో మొదలయ్యేది డీజిల్‌కి. ఎస్‌ఎన్ 2010ది, ఎస్‌పీ 2020ది. కొత్త అక్షరం పాత బండికి పనికొస్తుంది, పాత అక్షరం కొత్త బండికి పనికిరాదు. అంతకుమించి కంపెనీ పేరు గురించి కొట్టుకోకు.

డబ్బా సీలు నీ కళ్ళ ముందే తీయించు. డ్రమ్ములోంచి పోసే లూజు ఆయిల్ వద్దు. ఖాళీ డబ్బాకి స్క్రూడ్రైవర్‌తో బొక్క పొడిచి ఇవ్వు, అదే డబ్బాలో నకిలీది నింపి ఇంకొకరికి అమ్మేవాళ్ళున్నారు. మేస్త్రి ఏమనుకుంటాడోనని మొహమాటపడకు, మంచివాడైతే ఏమీ అనుకోడు. ఫిల్టరు ప్రతిసారీ మార్చాలి, డ్రెయిన్ బోల్టు వాషరు కూడా. తీసిన పాత ఆయిల్ కాలవలో పోస్తుంటే ఊరుకోకు, పాత ఆయిల్ కొనేవాళ్ళకి ఇమ్మను.

ఇప్పటికి 5డబ్ల్యు-30 పోయించి, నెల రోజులు కాగితం రాయి. ఎండలు ముదరకముందే ఆ కాగితం ఫోటో తీసి పంపు, 40కి మారాలో లేదో చూసి చెబుతాను. సుమారు మూడు లీటర్లు పడుతుంది, నాలుగు లీటర్ల డబ్బా కొంటే మిగిలినది డిక్కీలో పెట్టుకో, మధ్యలో పోసుకోవడానికి.

మీ అమ్మ