సుగ్గికి వెళ్లిన ఇళ్లలో ఆడపిల్లలకు తోడు: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఆదోనిలో మన సంఘం ఈ ఏడాది చేసిన పనుల్లో ఎక్కువ మంది శ్రమ, ఎక్కువ సమయం తీసుకున్నది ఆడపిల్లలకు అక్కలుగా తోడు నిలిచే పని. రక్తదాన శిబిరం, వేసవి చలివేంద్రం ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలను జమాఖర్చుల పట్టికతో పాటు విడిగా జతచేశాం. ఇక్కడ పిల్లల సంగతే రాస్తున్నాం. చిన్న ఊళ్లు కాబట్టి పేర్లు గానీ, ఊరి గుర్తులు గానీ ఎక్కడా ఇవ్వలేదు.

పశ్చిమ మండలాల పరిస్థితి మీకు తెలియనిది కాదు. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం వైపు చాలా పొలాలకు వానే ఆధారం. ఇక్కడి పంట చేతికొచ్చాక కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు సుగ్గి (కోతల కాలపు వలస) బాట పడతాయి. పిల్లలను వెంట తీసుకెళ్తే చదువు ఆగిపోతుంది, వదిలి వెళ్తే ఇల్లంతా పెద్ద కూతురి మీద పడుతుంది. వలస వెళ్లినవారి పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్లు ఉన్నచోట కూడా ముసలి అవ్వను, మేకలను చూసుకోవాలని ఆడపిల్లను ఇంట్లోనే ఉంచేస్తారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు వచ్చేది మార్చిలో. అప్పటికి తల్లిదండ్రులు ఇంకా మిరప చేలల్లోనే ఉంటారు.

మన అక్కలు చేసే పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒక్కొక్కరు ఒక అమ్మాయి బాధ్యత తీసుకుని, వారానికి ఒకరోజు, అదే రోజు, అదే వేళకు బడి వరండాలో కలుస్తారు. లెక్కలు చెప్పేవారు చెబుతారు, రానివారు పక్కన కూర్చుని మాట్లాడతారు. హితబోధలు వద్దని మొదటి సమావేశంలోనే అనుకున్నాం. ఈ పిల్లలకు బుద్ధులు చెప్పేవారికి కొదవ లేదు, చెప్పింది వినేవారే కరువు.

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి తరచూ ఆలస్యంగా వస్తోందని బడిలో బయట నిలబెట్టేవారు. కారణం ఎవరూ అడగలేదు. కుళాయి నీళ్లు వచ్చే రోజు బిందెలు నింపి, తమ్ముడికి అన్నం పెట్టి, అంగన్‌వాడీలో దింపి రావాలి ఆ పిల్ల. అక్క ఆ మాట రాబట్టడానికి చాలా వారాలు పట్టింది. తర్వాత ఆమె ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడితే, మొదటి పీరియడ్‌కు ఆలస్యమైనా లోపలికి రానివ్వడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అమ్మాయి అడిగిన రెండో సాయం మనకెవరికీ తట్టనిది. గుంటూరు వైపు పనిలో ఉన్న అమ్మతో మాట్లాడాలి, అమ్మ దగ్గర ఫోను లేదు. కూలీలను పనికి తీసుకెళ్లిన మేస్త్రీతో మాట్లాడి, ఆదివారం రాత్రి కూలీలు వంటలు చేసుకునే వేళకు ఆయన ఫోను అమ్మ చేతికి ఇచ్చేలా ఏర్పాటు చేశాం. ఆ తర్వాత సోమవారం బడి మానడం తగ్గిందని టీచరే చెప్పారు.

అక్కగా చేరేవారు కనీసం ఏడాది ఉండాలన్న నియమం మీద సభ్యుల్లో కొంత అసంతృప్తి ఉంది. ఉద్యోగాలు, బదిలీలు ఉన్నవారికి అది కష్టమే. అయినా కార్యవర్గం సడలించలేదు. అమెరికాలో ఇలాంటి కార్యక్రమాన్ని పరిశీలించి గ్రాస్‌మన్, రోడ్స్ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఏడాదికి మించి తోడున్నచోట పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది, మూడు నెలలలోపే తెగిపోయినచోట వారి ఆత్మవిశ్వాసం తగ్గింది. అమ్మానాన్నలు ఏటా వదిలి వెళ్లడం చూసే పిల్లను మనం కూడా మధ్యలో వదిలేయకూడదు. పది మంది వచ్చిపోయేకంటే నలుగురు నిలబడటమే మంచిదని మా గట్టి నమ్మకం.

పెళ్లి విషయాలు అన్నింటికంటే కష్టమైనవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3. సుగ్గికి వెళ్తూ ఎదిగిన పిల్లను ఎవరి దగ్గర వదలాలన్న భయమే చాలా ఇళ్లలో పెళ్లికి తొందర పెడుతోంది. ఆ తల్లిదండ్రులను దుర్మార్గులుగా చూడవద్దని సభ్యులను కోరుతున్నాం. ఈ ఏడాది ఒక సంబంధం ఖాయమైందని అమ్మాయే అక్కకు చెప్పింది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేశాం, ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) సిబ్బంది వచ్చి 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం గురించి వివరించారు, పెళ్లి ఆగింది. ఆ వీధివాళ్లు చాలాకాలం మనవారితో మాట్లాడలేదు. అయినా అక్క వెళ్లడం మానలేదు. అమ్మాయి ఇప్పుడు కస్తూర్బా విద్యాలయం హాస్టల్‌లో ఉంటూ చదువుకుంటోంది. తండ్రి సుగ్గి నుంచి రాగానే నేరుగా అక్కడికే వెళ్లి చూసి వచ్చాడు.

ఒక విషయంలో మాత్రం పిల్లలకు మాట ఇవ్వవద్దని అక్కలందరికీ చెప్పాం. “ఎవరికీ చెప్పను” అనకూడదు. లైంగిక వేధింపుల గురించి తెలిస్తే పోలీసులకు తెలియజేయాలని, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం చెబుతోంది. అందుకే మొదటి రోజే అమ్మాయికి ఆ సంగతి నెమ్మదిగా చెబుతాం: నీ మాట ఊరంతా తిరగదు, కానీ నీకు ప్రమాదమనిపిస్తే సాయం చేయగలవారికి చెబుతాను. ఇలా చెప్పాక కూడా పిల్లలు మనసు విప్పుతున్నారు. అక్కలు ఒంటరిగా పిల్లల ఇంటికి వెళ్లకూడదు, ఫొటోలు తీయకూడదు అన్న నియమాలు యథాతథంగా ఉన్నాయి.

పదో తరగతి తప్పినవారికి సప్లిమెంటరీ ఫీజు కట్టాం. బడి పూర్తిగా మానేసిన ఇద్దరు పెద్దపిల్లలు ఓపెన్ స్కూల్‌లో చేరడానికి సిద్ధంగా ఉన్నారు.

వచ్చే ఏడాదికి మనకు కావలసింది డబ్బు కంటే మనుషులు. ముఖ్యంగా ఉర్దూ, కన్నడం మాట్లాడగల మహిళలు కావాలి. ఆ భాషలు మాట్లాడే ఇళ్ల పిల్లలు తెలుగులో పాఠం అప్పజెబుతారు గానీ బాధ చెప్పుకోలేకపోతున్నారు. జూన్‌లో బడులు తెరిచేలోగా సంఘం కార్యాలయంలో పేరు నమోదు చేసుకోండి. రెండు రోజుల శిక్షణ ఉంటుంది, బస్సు ఛార్జీలు సంఘమే ఇస్తుంది. మీరు రాలేకపోతే మీ ఇంట్లో డిగ్రీ పూర్తయిన అమ్మాయినో, రిటైరైన అత్తగారినో అడిగి చూడండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి