పెళ్లి పందిట్లో శాక్సోఫోన్: ఒక పాఠకుడి లేఖకు జవాబు

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్లలో, దేవుడి ఊరేగింపుల్లో సన్నాయి పక్కన శాక్సోఫోన్ చేరడం మన సంప్రదాయానికి అపచారమని, దాన్ని పందిరి దాకా రానివ్వకూడదని గత వారం మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. నేను పాత గుంటూరు వాణ్ని. ఆ వాద్యం మీదే ఇల్లు గడుపుకుంటున్నాను కాబట్టి జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకుంది. మా నాన్న సన్నాయి విద్వాంసుడు. ఆయన వాయించిన సన్నాయిని ఇప్పటికీ దసరాకు పూజలో పెడతాం. దాన్ని తక్కువ చేసే మాట నా నోట రాదు.

శాక్సోఫోన్ విదేశీయులు చేసింది, వాళ్ల పాటలకే పనికొస్తుంది, మన పాట దాని మీద పలకదు అన్నది ఆ పెద్దమనిషి వాదన. దీనికి నేను ఇథియోపియాకు చెందిన శాక్సోఫోన్ వాద్యకారుడు గెటాచౌ మెకుర్యా జీవితాన్నే జవాబుగా చూపిస్తాను.

ఆయన 1935లో పుట్టారు. మొదట పట్టుకున్నవి క్రార్, మసింకో అనే ఆ దేశపు తీగ వాద్యాలు. క్లారినెట్, శాక్సోఫోన్ ఆ తర్వాత వచ్చాయి. అసలు ఆ దేశంలో ఇత్తడి బ్యాండు పెరిగిన కథే చిత్రమైనది. తర్వాతి కాలంలో హైలే సెలాసీ చక్రవర్తి అయిన రాస్ తఫారీ 1924లో జెరూసలేం వెళ్లినప్పుడు, అయినవాళ్లను పోగొట్టుకున్న ఆర్మీనియా పిల్లలు నలభై మంది వాయించే బ్యాండు విని, వాళ్లందరినీ తన రాజధాని అడిస్ అబాబాకు తీసుకువెళ్లి కొలువిచ్చారు. అప్పటి నుంచి రాజు బ్యాండు, మున్సిపాలిటీ బ్యాండు, పోలీసు బ్యాండు అంటూ ప్రభుత్వ జీతాల నీడలోనే అక్కడి కొత్త సంగీతం ఎదిగింది. గెటాచౌ 1949లో, ఇంకా మీసాలు రాని వయసులో, అడిస్ అబాబా మున్సిపాలిటీ బ్యాండులో చేరారు. 1955లో హైలే సెలాసీ థియేటర్ వాద్యబృందానికి, 1965లో పోలీసు ఆర్కెస్ట్రాకు మారారు.

అలాంటి ఉద్యోగంలో ఉంటూనే ఆయన షిల్లెలాను శాక్సోఫోన్ మీదికి తెచ్చారు. షిల్లెలా అంటే యుద్ధానికి కదిలే వీరుడు రొమ్ము విరుచుకుని, తన శౌర్యాన్ని గొంతు చించుకుని చాటే పాట. కార్తీకంలో కారెంపూడి తిరునాళ్లకు వెళ్లి, వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ చెబుతుండగా విన్నవాళ్లకు ఆ ఊపు ఎలాంటిదో వివరించనక్కర్లేదు. దాన్ని మాటలు లేకుండా టెనర్ శాక్సోఫోన్‌లో పలికించడం ఎంత కష్టమో వాయించేవాడిగా చెబుతాను. సన్నాయికి రంధ్రాలు వేలి కిందే ఉంటాయి. వేలిని సగం ఎత్తి, సగం మూసి గమకం లాగవచ్చు, అంటే స్వరాన్ని ఊపి జార్చవచ్చు. శాక్సోఫోన్‌లో వేలికి, రంధ్రానికి మధ్య మీట ఉంటుంది. అక్కడ వేలు చేయలేని పనంతా నోట్లో పెట్టుకునే రీడు మీద పెదవి చేయాలి, దవడ చేయాలి, గొంతు చేయాలి. దవడ పిసరంత వదిలితే స్వరం జారుతుంది, ఇంకాస్త వదిలితే అపస్వరం అవుతుంది. తోడి రాగంలో గాంధార స్వరం దగ్గర నేను ఇప్పటికీ చెమటోడుస్తాను. గెటాచౌ రికార్డు వినండి. ఒక స్వరాన్ని పట్టుకుని వణికిస్తారు, పైకి విసురుతారు, బొంగురు గొంతుతో మనిషి కేక వేసినట్టు వదిలేస్తారు. కట్టుబాట్లు వదిలి స్వేచ్ఛగా వాయించే అమెరికా ఫ్రీ జాజ్ వాద్యకారులతో ఆయన్ను పోల్చి పాశ్చాత్యులు ఆశ్చర్యపోయారు. ఆ శైలి ఆయనకు అమెరికా నుంచి రాలేదు, షిల్లెలా పాడే గొంతుల నుంచే వచ్చింది. వేదిక మీద సింహపు జూలు తలకు చుట్టుకుని, వీరుడి వేషంలోనే వాయించేవారు.

1974లో చక్రవర్తి పాలన కూలి సైన్యం వచ్చాక, రాత్రి కర్ఫ్యూలతో అడిస్ అబాబాలో కచేరీల సందడి ఏళ్ల తరబడి అణగారిపోయింది. గెటాచౌ 1970ల తొలినాటి రికార్డును ఫ్రాన్సు వాళ్లు ‘ఇథియోపిక్స్’ అనే ఇథియోపియా పాటల ఆల్బమ్‌ల వరుసలో తిరిగి తెచ్చాకే బయటి ప్రపంచం విన్నది. నెదర్లాండ్స్‌కు చెందిన ‘ది ఎక్స్’ అనే రాక్ బృందం ఆయనతో కలిసి 2006లో ఆల్బమ్ చేసింది. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. 2016 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఇంకో మాట, ఇథియోపియా వాళ్లు తిజితా అని పిలిచే స్వరవరుసల్లో ఒకటి అచ్చం మన మోహన రాగం స్వరాలే. మొదటిసారి గమనించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

అంత దూరం ఎందుకంటారా, మంగళూరు వైపు సన్నాయి విద్వాంసుడి కొడుకు కద్రి గోపాల్‌నాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని, దాని మీద కర్ణాటక సంగీతం సాధించి పద్మశ్రీ అందుకున్నారు. అదీ పాశ్చాత్యుల నుంచే వచ్చిన వయొలిన్ సంగతి సరేసరి.

అయితే లేఖ రాసినవారి బాధలో నిజం ఉంది. కరవదిలో పుట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, శ్రీరంగం దాకా పేరు తెచ్చుకున్న షేక్ చిన మౌలానా లాంటివారిని ఇచ్చిన నేల ఇది. ఇక్కడి సన్నాయి కుటుంబాలకు ఇప్పుడు పిలుపులు తగ్గాయి. ఆ పిలుపులను మింగింది శాక్సోఫోన్ కాదు. మొన్న మాఘంలో ఒక పెళ్లిలో ‘పరాయి వాద్యం’ అని నన్ను పందిరి బయటే ఆపారు. లోపల మాంగల్యధారణ వేళ స్పీకర్లలో రికార్డు చేసిన గట్టిమేళం మోగింది. అంత పెద్ద పెళ్లికి సన్నాయిని పిలవనే లేదు, డోలు లేదు. ఎవరూ తప్పుపట్టలేదు. నా బాధ అదే.

సంపాదకులు దయచేసి చిలకలూరిపేట, నరసరావుపేట వైపు మిగిలిన సన్నాయి విద్వాంసుల గురించి ఆదివారం సంచికలో రాయించండి. వాళ్ల ఫొటోలు వేయండి. పెళ్లి పెద్దలు కనీసం ముహూర్తం వేళకైనా రికార్డు ఆపి మనుషులను పిలవండి. లేఖ రాసిన పెద్దమనిషి ఒప్పుకుంటే, సన్నాయి వాయించే మా తమ్ముడిని, డోలు విద్వాంసుణ్ని వెంటబెట్టుకుని వాళ్ల ఇంటికే వస్తాను. మోహన రాగాన్ని మొదట తమ్ముడు వాయిస్తాడు, తర్వాత నేను అందుకుంటాను.

ఒక శాక్సోఫోన్ వాద్యకారుడు,
పాత గుంటూరు