స్టిక్కర్ కాదమ్మా, అది గుల్ల

చిట్టితల్లీ,

ఫోటోలో నల్ల పెట్టె మీద మెరిసే బొమ్మలు చూసి "స్టిక్కర్ అంటించారా నాన్నా?" అని అడిగావు. కాదమ్మా. దాన్ని నాజొన్‌చిల్గి అంటారు, నల్లని పూతలో గుల్ల ముక్కలు పొదిగే పని. మా షిప్‌యార్డు ఉన్న గోజే దీవికి పక్కనే తోంగ్‌యోంగ్ అనే ఊరుంది. ఈ పనికి కొరియాలో పేరుమోసిన ఊరది. 1604లో అక్కడ నౌకాదళ కేంద్రం పెట్టారు, దాని కింద పన్నెండు పనిశాలలు నడిచాయి. 1895లో కేంద్రాన్ని ఎత్తేసినా, పనివాళ్ల విద్య ఊళ్లోనే నిలిచింది.

మెరిసేది అబలోన్ అనే సముద్రపు గుల్ల లోపలి పొర. దాన్ని బాగా పల్చగా అరగదీస్తారు. సన్నని రంపంతో పువ్వులూ కొంగలూ కోసి అతికించడం ఒక పద్ధతి. నాకు ఇంకోటి మరీ ఇష్టం. గుల్లను దారప్పోగుల్లా చీల్చి, కత్తిమొనతో తుంచుతూ, ముక్క పక్కన ముక్క పేర్చుకుంటూ ముగ్గంతా అల్లేస్తారు. ఎంత ఓపిక కావాలో చూడు!

ఇక ఆ నలుపు. ఒత్ అనే చెట్టుకు గాట్లు పెట్టి తీసిన పాలతో చేసిన పూత అది. మామూలు రంగులా ఎండలో ఆరబెట్టరు, వెచ్చని తేమలోనే అది గట్టిపడుతుంది. ఆ చెట్టు పచ్చిపాలు తగిలితే ఒంటికి దద్దుర్లు. గుల్ల మీద కూడా పూత పూసేసి, ఆరాక గీకి, సానబట్టి, గుల్లను మళ్లీ పైకి తేలుస్తారు.

1970ల్లో ఇక్కడి ఇల్లాళ్లకు ఇలాంటి బీరువా పెద్ద కోరిక. తర్వాత అపార్ట్‌మెంట్లు, గోడ అల్మారాలు వచ్చాయి. ఎంతోమంది పాత బీరువాలను వదిలించుకున్నారు. అయితే ప్రభుత్వం 1962లోనే వారసత్వ రక్షణకు చట్టం చేసింది, 1966లో ఈ పనికీ గుర్తింపు ఇచ్చింది. ఎంపికైన గురువుకు నెలనెలా భృతి అందుతుంది, ఆయన శిష్యులకు విద్య నేర్పాలి. మనిషిని గౌరవించి, నేర్పే బాధ్యత కూడా ఆయనకే అప్పగించడం నాకు చాలా నచ్చింది. కానీ భృతి ఒక్కటే సరిపోదమ్మా. కొనేవాళ్లుండాలి. నేర్చుకున్న కుర్రాడు దాంతో ఇల్లు గడపగలగాలి. ఇప్పుడు నగల మీదా, ఫోన్ కవర్ల మీదా గుల్ల పని కనిపిస్తోంది. చేత్తో చేసిందైతే అదీ మంచిదే అంటాను.

జీతం రాగానే నీకొక చిన్న నగల పెట్టె కొంటాను. దాచిపెట్టకుండా రోజూ వాడు, ఎండ తగలనివ్వకు. అమ్మకు పువ్వులది కావాలో కొంగలది కావాలో అడిగి రాయి.

ప్రేమతో,
నాన్న