గొంతు బొంగురైతే పాత కేన్సర్ ఫైలు కూడా పట్టుకెళ్లండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గొంతు కేన్సర్ గురించి ఎప్పుడు రాసినా బీడీ, చుట్ట, గుట్కా దగ్గరే మాట ఆగిపోతుంది. స్వరపేటికలోనే పుట్టే కేన్సర్లకు ఎక్కువగా పొగాకే కారణం, అందులో అనుమానం లేదు. కానీ బీడీ ముట్టని మనిషికి కూడా ఒంట్లో ఇంకోచోట పుట్టిన కేన్సర్ స్వరపేటికలోకి చేరవచ్చు. ఇది చాలా అరుదు. స్వరపేటిక కేన్సర్లు వంద చూస్తే ఇలాంటిది ఒక్కటి కూడా ఉండదు. అందుకే ఎవరికీ తట్టదు.

ఇలా వచ్చేవాటిలో ముందుండేవి మెలనోమా అనే చర్మ కేన్సర్, కిడ్నీ కేన్సర్. ఆ తర్వాత రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రొస్టేట్, పెద్దపేగు. కిడ్నీ కేన్సర్ మరీ మొండిది. కిడ్నీ తీసేసిన పదేళ్ల తర్వాత కూడా ఎక్కడో ఒకచోట తలెత్తగలదు. అప్పటికి మనిషి ఆ ఆపరేషన్‌నే మరిచిపోయి ఉంటాడు. ఏమైనా జబ్బులున్నాయా అని డాక్టర్ అడిగితే "బీపీ ఒక్కటే సార్" అంటాడు.

మెలనోమా మన రంగు చర్మానికి ఎక్కువగా అరికాలిలోనో గోటి కిందో వస్తుంది. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగే కాలికి నల్లమచ్చ కనిపిస్తే ముల్లు విరిగిందనో, ఆనె అనో బ్లేడుతో చెక్కేస్తారు. గొంతులో అంతుపట్టని గడ్డ కనిపించినప్పుడు ఈఎన్‌టీ డాక్టర్ ఒకసారి అరికాళ్లు కూడా చూడాలని మా మనవి.

కిడ్నీ ఎక్కడ, గొంతు ఎక్కడ అనిపిస్తుంది. కేన్సర్ కణాలు రక్తంలో పడి గుండె, ఊపిరితిత్తులు దాటి, మెడ ధమనుల గుండా స్వరపేటికకు చేరతాయి. ఇంకో దారి వెన్నుపూసల చుట్టూ ఉండే సిరల వల. వాటికి కవాటాలు లేవు. దగ్గినా ముక్కినా రక్తం ఎదురు నడుస్తుంది, ఊపిరితిత్తులను తాకకుండానే పైకి పోతుంది. కాబట్టి ఛాతీ స్కాన్ బాగుంది కదా అని గొంతు గడ్డను తేలిగ్గా తీసుకోకూడదు. వచ్చిన కణాలు ఎక్కువగా స్వరతంతువులకు పైన, కొన్నిసార్లు కింద దిగుతాయి. వయసుతో గట్టిపడి ఎముకగా మారిన మృదులాస్థిలోని మూలుగలో కూడా దిగుతాయి.

అసలు చిక్కు బయాప్సీ దగ్గర. ఈ గడ్డ లోపలి పొర కింద పెరుగుతుంది. పైన పొర నున్నగా, పుండు లేకుండా ఉంటుంది. పైపైన ముక్క తీస్తే మామూలు కణాలే వస్తాయి, రిపోర్టులో 'కేన్సర్ లేదు' అని ఉంటుంది, రోగి నిశ్చింతగా ఇంటికి పోతాడు. లోతుగా తీయాలి. కిడ్నీ నుంచి వచ్చిందైతే రక్తనాళాలు దట్టంగా ఉండి రక్తం విపరీతంగా కారుతుంది. అందుకే ముందు కాంట్రాస్ట్ సీటీ (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) చేయించి, ఆపరేషన్ థియేటర్‌లో, శ్వాసకు దారి సిద్ధం చేసుకుని ముక్క తీయాలి. ఓపీ గదిలో చేసే పని కాదు. పాథాలజీ డాక్టర్‌కు పాత జబ్బు సంగతి రాసి పంపితే కేన్సర్ ఎక్కడ పుట్టిందో చూపే తగిన స్టెయిన్లు (రంగు పరీక్షలు) వేస్తారు: మెలనోమాకు ఎస్-100, హెచ్‌ఎంబీ-45, కిడ్నీకి పాక్స్-8, ప్రొస్టేట్‌కు పీఎస్‌ఏ. ఆ ఒక్క వాక్యం రాయకపోతే స్వరపేటికలో పుట్టిన కేన్సర్‌గానే లెక్కకట్టి మొత్తం స్వరపేటికనే తీసేసే ప్రమాదం ఉంది. ఒంట్లో ఇంకెక్కడెక్కడ ఉందో తేలకుండా ఒక మనిషి మాట పోగొట్టడం అన్యాయం.

గడ్డ లేకుండానే గొంతు పోవడం ఇంతకంటే చాలా ఎక్కువగా చూస్తాం. ఎడమ స్వరతంతువును కదిలించే నరం ఛాతీలోకి దిగి, బృహద్ధమని కింద మలుపు తిరిగి పైకి వస్తుంది. ఊపిరితిత్తుల కేన్సరో, ఛాతీలో ఉబ్బిన లింఫు గ్రంథులో దాన్ని నొక్కితే తంతువు ఆగిపోతుంది. అప్పుడు మెడతో పాటు ఛాతీకి కూడా సీటీ కావాలి.

మేడారంలో కేకలేశామనో, పత్తికి మందు కొట్టామనో, ఎనుమాముల మార్కెట్ దుమ్మనో సరిపెట్టుకుని ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు వాడటం మన దగ్గర మామూలైంది. బొంగురు 3 వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్ ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా కెమెరాతో స్వరపేటిక చూపించుకోండి. ముందు కేన్సర్ వచ్చి తగ్గినవాళ్లు అన్నాళ్లు కూడా ఆగొద్దు. ఊపిరి పీల్చేటప్పుడు ఈల వేసినట్టు చప్పుడొస్తే, దగ్గితే రక్తం పడితే అదే గంటలో 108కు ఫోన్ చేయండి.

పోయేటప్పుడు పాత ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టు తీసుకెళ్లండి. వీలైతే అప్పుడు ముక్క తీసిన ల్యాబ్‌ను అడిగి, ఆ ముక్కను దాచి ఉంచిన మైనపు బ్లాకు కూడా తెచ్చుకోండి. కొత్త ముక్కను, పాత ముక్కను పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటేనా కాదా అన్నది తేల్చడం చాలా సులువవుతుంది.

- ఈఎన్‌టీ వైద్యులు, హనుమకొండ