ఆరోగ్య శాఖ మంత్రి గారికి: గంజాయి ముప్పు ఎంతో అంతే చెప్పండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను మానసిక వైద్యురాలిని. గంజాయికి అలవాటు పడిన కుర్రవాళ్లను, వాళ్లను వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులను ఏళ్ల తరబడి చూస్తున్నాను. సరదాకి గంజాయి తాగితే ఆరోగ్యానికి ఎంత చేటు అన్న మాట ఎక్కడ వచ్చినా జనం రెండుగా చీలిపోతున్నారు. ముట్టుకుంటే చాలు, పిచ్చి పడుతుందని ఒకరంటారు. అది మొక్కే కదా, మందుగా కూడా వాడతారు కదా, సిగరెట్ కన్నా మద్యం కన్నా నయమే కదా అని ఇంకొకరంటారు. నిజంగా సమాచారం కావలసింది పదహారేళ్ల పిల్లలకు. వాళ్లకు మాత్రం ఈ అరుపులే వినిపిస్తున్నాయి. మీ శాఖ పేరుతో వెళ్లే ప్రతి మాటలోనూ ముప్పు ఎంత ఉందో అంతే చెప్పించమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మా ఓపీ వరండా గోడకు ఒక పోస్టర్ ఉంది. పుర్రె బొమ్మ, దాని కింద ఎర్ర అక్షరాల్లో ‘ఒక్క దమ్ము చాలు, బతుకు బుగ్గే’ అన్న మాట. దాని కింద బెంచీ మీద కూర్చునే కుర్రవాళ్లు ఆ ఒక్క దమ్మూ ఎప్పుడో దాటేశారు. వాళ్ల స్నేహితులూ దాటేశారు. వాళ్లలో చాలామంది చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. పోస్టర్ చెప్పింది తప్పని తమ కళ్లతో చూశాక, అదే శాఖ రేపు నిజం చెప్పినా వాళ్లెందుకు నమ్ముతారు? ఈ నమ్మకం పోవడమే నన్ను అన్నింటికన్నా ఎక్కువ భయపెడుతోంది. ఎందుకంటే చెప్పవలసిన నిజాలు నిజంగానే ఉన్నాయి, వాటిలో కొన్ని చాలా గట్టివి.

ముందు, పెంచి చెబుతున్న సంగతులు. గంజాయి మోతాదు మించితే హెరాయిన్‌తో జరిగినట్టు ఊపిరి ఆగి చనిపోవడం జరగదు. గంజాయిలో మత్తునిచ్చేది టీహెచ్‌సీ. మెదడులో శ్వాసను నడిపించే భాగంలో ఆ రసాయనం అతుక్కునే గ్రాహకాలు చాలా తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పొగాకు ఏటా 70 లక్షలకు పైగా ప్రాణాలు తీస్తోంది. మద్యం వల్ల 2019లో 26 లక్షల మంది చనిపోయారు. గంజాయి వల్ల ఆ స్థాయిలో మరణాలు లేవు. ఈ మాట ప్రభుత్వమే ముందుగా ఒప్పుకుంటే, తర్వాత చెప్పేది వినేవాళ్లుంటారు. అయితే స్పైస్, కె2 లాంటి పేర్లతో అమ్మే కృత్రిమ రసాయనాల సంగతి వేరు. అవి గంజాయి కావు, వాటితో మనుషులు చనిపోయారు. ఈ తేడా కూడా పిల్లలకు స్పష్టంగా చెప్పాలి.

తెలివితేటలు తగ్గిపోతాయన్న మాట కూడా ఇలాంటిదే. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను 38 ఏళ్లు వచ్చేదాకా గమనించారు. టీనేజిలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి వదలనివాళ్లలో ఐక్యూ 8 పాయింట్ల దాకా పడిపోయిందని 2012లో ప్రకటించారు. ప్రపంచమంతా ఆ సంఖ్యనే పట్టుకుంది. 2016లో అమెరికాలో కవలల మీద చేసిన అధ్యయనాల్లో మాత్రం, గంజాయి తాగిన కవలకూ తాగని కవలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ఆ తగ్గుదలలో కుటుంబానికీ పెంపకానికీ చెందిన కారణాలు కలిసి ఉండొచ్చు. ఈ చర్చ ఇంకా తెగలేదు. కానీ మత్తులో ఉన్నంతసేపూ, రోజూ తాగేవాళ్లకైతే ఆ తర్వాత కొన్నాళ్లూ, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మందగిస్తాయన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. పరీక్షలకు చదివే పిల్లవాడికి ఈ ఒక్క మాట చాలు. ఎనిమిది పాయింట్లు పోతాయని బెదిరించనక్కర్లేదు.

ఇక తగ్గించి చెప్పకూడని సంగతి సైకోసిస్. అంటే లేని గొంతులు వినిపించడం, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారని గట్టిగా నమ్మడం, ఏది నిజమో ఏది భ్రమో తెలియకపోవడం. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45,000 మందికి పైగా యువకులను 15 ఏళ్ల పాటు గమనించి 1987లో ఫలితాలు వెల్లడించారు. యాభై సార్లకు మించి గంజాయి వాడామని చెప్పినవాళ్లకు తర్వాత స్కిజోఫ్రేనియా (సైకోసిస్ దీర్ఘకాలం వేధించే మానసిక జబ్బు) రావడం, అసలు వాడనివాళ్లతో పోలిస్తే, ఆరు రెట్లు ఎక్కువని తేలింది. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా తగ్గింది గానీ, పూర్తిగా పోలేదు. 2019లో ఐరోపాలో పది చోట్ల, బ్రెజిల్‌లో ఒకచోట, మొదటిసారి సైకోసిస్‌తో వచ్చిన 901 మందిని అవే ప్రాంతాల్లోని 1,237 మంది ఇతరులతో పోల్చి చూశారు. రోజూ తాగేవాళ్లకు ముప్పు మూడు రెట్లు దాటింది. రోజూ తాగుతూ, ఆ సరుకులో టీహెచ్‌సీ 10 శాతమో అంతకు మించో ఉంటే, దాదాపు ఐదు రెట్లయింది.

ఆ 10 శాతం అన్న సంఖ్య దగ్గర కాసేపు ఆగాలి. అమెరికాలో పోలీసులకు పట్టుబడిన సరుకులో టీహెచ్‌సీ 1995లో సగటున 4 శాతం ఉంటే, 2014 నాటికి 12 శాతం అయింది. ఇప్పుడు వేప్‌లలో, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్లలో వాడే నూనెల్లో, మైనంలా గట్టిపడిన సారాల్లో 60 శాతం దాటినవి కూడా దొరుకుతున్నాయి. ‘మా రోజుల్లో మేమూ తాగాం, మాకేమైంది?’ అనే పెద్దలు నాకు తరచూ తగులుతుంటారు. వాళ్లు నిజమే చెబుతున్నారు. కానీ వాళ్లు తాగిందీ, ఇప్పుడు వాళ్ల కొడుకు తాగుతున్నదీ పేరుకే ఒకటి.

ఐదు రెట్లు అనగానే తాగేవాళ్లలో సగం మంది మతి తప్పుతారని అనుకోకూడదు. సైకోసిస్ కొత్తగా వచ్చేది ఏడాదికి లక్షమందిలో పదుల సంఖ్యలోనే. దానికి ఐదు రెట్లన్నా తాగేవాళ్లలో అత్యధికులు తప్పించుకుంటారు. ఈ లెక్క కూడా పిల్లలకు విప్పి చెప్పాలని నా కోరిక. వాళ్లకు అర్థం కాదనుకోవడం పొరపాటు. కానీ ఆ తప్పించుకోలేని కొద్దిమందిని చూసేది నేను. ఎదురింటివాళ్లు తన ఆలోచనలు వింటున్నారని కిటికీ సందుల్లో బట్టలు కుక్కి, పగలంతా చీకట్లో కూర్చున్న ఒక అబ్బాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె వాడి చొక్కా చివర వదల్లేదు. వదిలితే లేచి పరిగెత్తుతాడని భయం. గంజాయితో వచ్చింది కాబట్టి మత్తు దిగితే అదే పోతుందని ఇంట్లో అందరూ ఆమెకు ధైర్యం చెప్పారట. కొందరికి అలాగే పోతుంది. కానీ గంజాయి వల్ల సైకోసిస్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి తర్వాతి ఏళ్లలో స్కిజోఫ్రేనియా గానీ, అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు గానీ బయటపడిందని డెన్మార్క్ ఆసుపత్రుల రికార్డులు చెబుతున్నాయి. ఆ తల్లికి ఈ మాట చెప్పవలసి వచ్చినప్పుడు నాకు నోరు పెగల్లేదు.

గంజాయే కారణమా, లేక ఎలాగూ జబ్బు రాబోయేవాళ్లే ముందుగా గంజాయి వైపు వెళుతున్నారా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. జన్యువుల పాత్ర ఉంది. లోపలి ఆందోళనను అణచుకోవడానికి తాగేవాళ్లూ ఉన్నారు. ఆ వాదన పూర్తిగా తేలేదాకా ఆగవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. వాడకం పెరిగేకొద్దీ, ఘాటు పెరిగేకొద్దీ ముప్పు కూడా పెరుగుతోంది. మెదడు ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి, చిన్న వయసులో మొదలుపెట్టడం ఇంకా ప్రమాదకరం. ఇంట్లో అమ్మకో నాన్నకో తోబుట్టువుకో స్కిజోఫ్రేనియా ఉన్న పిల్లలు గంజాయి జోలికి పోనే కూడదు. నేను చూసిన పోస్టర్లలో ఒక్కదానిలోనూ ఈ చివరి మాట లేదు.

ఇంకో కేసు చెబుతాను. ఇరవై రెండేళ్ల కుర్రవాడు, నెలల తరబడి వాంతులు. ఎండోస్కోపీ చేశారు, స్కానింగులు చేశారు, ఏమీ దొరకలేదు. మనసు బాగాలేక వాంతులవుతున్నాయేమోనని మా విభాగానికి పంపారు. కడుపు మీద చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది. ఎందుకని అడిగితే, వేడినీళ్లు పోసుకుంటే కాస్త ఉపశమనంగా ఉంటుందని, రోజూ గంటల తరబడి స్నానాల గదిలోనే ఉంటున్నానని చెప్పాడు. ఇది గంజాయి ఏళ్ల తరబడి వాడేవాళ్లలో వచ్చే వాంతుల జబ్బు. 2004లో ఆస్ట్రేలియా వైద్యులు దీన్ని మొదట వివరించారు. వేడినీటి స్నానంతో నెమ్మదించడం దీనికి గుర్తు. గంజాయి వాంతులను ఆపుతుందని అతను ఎక్కడో చదివాడు. అది అబద్ధం కాదు, క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులను తగ్గించడానికి టీహెచ్‌సీతో చేసిన మాత్రలున్నాయి. అందుకని వాంతులయినప్పుడల్లా ఇంకాస్త ఎక్కువ తాగాడు. అంతకుముందు చూసిన వైద్యులెవరూ గంజాయి తాగుతావా అని అతన్ని అడగలేదు. అడగకుండా అతను చెప్పనూ లేదు, పోలీసులకు తెలుస్తుందేమోనని. పూర్తిగా మానేశాకే అతనికి తగ్గింది.

‘ఇది మందు కదా’ అనేవాళ్లకు జవాబు ఇందులోనే ఉంది. అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీలు అప్పటిదాకా ఉన్న పరిశోధనలన్నీ వడగట్టి 2017లో ఒక పెద్ద నివేదిక ఇచ్చాయి. పెద్దవాళ్ల దీర్ఘకాలిక నొప్పికి, కీమోథెరపీ వాంతులకు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్నవాళ్ల కండరాల బిగువుకు గంజాయి పదార్థాలు పనిచేస్తాయనడానికి మంచి ఆధారాలున్నాయని ఆ నివేదికే చెప్పింది. సైకోసిస్‌తో, వాహన ప్రమాదాలతో, తక్కువ బరువుతో పుట్టే బిడ్డలతో గంజాయికి సంబంధం ఉందనడానికి గట్టి ఆధారాలున్నాయని కూడా ఆ నివేదికే చెప్పింది. రెండు పక్షాలవాళ్లూ అందులో తమకు నచ్చిన సగాన్నే చదువుతున్నారు. మీ శాఖ మొత్తం చదివి వినిపించాలి.

అలవాటు పడదన్న మాట కూడా నిజం కాదు. ఎప్పుడైనా వాడినవాళ్లలో సుమారు 9 శాతం మంది దానికి బానిసలవుతారని, టీనేజిలోనే మొదలుపెట్టినవాళ్లలో అది 17 శాతం దాకా ఉంటుందని చాలాకాలంగా లెక్కలున్నాయి. మానేసిన మొదటి వారంలో నిద్ర పట్టదు, అన్నం సహించదు, ప్రతిదానికీ చిరాకు పుడుతుంది. ఇది రెండు వారాల్లో చాలావరకు సర్దుకుంటుందని ముందే తెలిస్తే చాలామంది నిలబడతారు. తెలియక, ఇది లేకుండా బతకలేననుకుని మూడో రోజే మళ్లీ మొదలుపెడతారు.

గంజాయిని చట్టబద్ధం చేయాలా వద్దా అన్నది ఈ లేఖలో నేను తేల్చబోవడం లేదు. ఉరుగ్వే 2013లో, కెనడా 2018లో ఆ దారి పట్టాయి. కెనడాలో ప్యాకెట్ మీద టీహెచ్‌సీ ఎంతో రాసి, ఆరోగ్య హెచ్చరిక ముద్రించి అమ్ముతారు, అది మంచిదే. కానీ అక్కడి ఒంటారియోలో మిఠాయిల్లాంటి గంజాయి తినుబండారాలు అమ్మకానికి వచ్చాక, వాటిని తెలియక తిని అత్యవసర విభాగాలకు వచ్చే చిన్నపిల్లల సంఖ్య పెరిగింది. తినే గంజాయి ప్రభావం మొదలవడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ ఎక్కలేదని పెద్దవాళ్లే మళ్లీ తినేస్తారు. నిషేధం ఉన్నచోట కొనేవాడికి సరుకు ఘాటు ఎంతో, అందులో ఏం కలిసిందో తెలియదు. 2019-20లో అమెరికాలో వేప్‌ల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది వాడింది టీహెచ్‌సీ సరుకే. అందులో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనెలాంటి పదార్థంతోనే ఆ జబ్బుకు గట్టి సంబంధం కనిపించింది. చట్టం ఎటు మొగ్గినా ఆరోగ్య శాఖ పని మాత్రం తగ్గదు.

మంత్రి గారూ, నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. వయసు, ఘాటు, ఎన్నాళ్లకోసారి, ఇంట్లో మానసిక జబ్బు ఉందా అన్న నాలుగు విషయాల చుట్టూ మీ ప్రచారాన్ని తిరగరాయించండి. పట్టుబడిన సరుకును పారేసేముందు నమూనాలు పరీక్షించి, టీహెచ్‌సీ శాతాన్ని ఏటా బహిరంగంగా ప్రకటించండి. వాంతులతో, గుండెదడతో, నిద్రలేమితో వచ్చే ప్రతి యువకుణ్నీ గంజాయి గురించి మామూలుగా అడగడం వైద్యులకు నేర్పించండి. ఆసుపత్రిలో రోగి చెప్పింది పోలీసుల దాకా వెళ్లదని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. ఈ చివరిది లేకపోతే మిగతా మూడూ కాగితాల మీదే ఉండిపోతాయి.

ప్రచారంలో వాడే వాక్యాల ముసాయిదా రాయడానికి మా విభాగంలో నలుగురైదుగురం సిద్ధంగా ఉన్నాం. మీ అధికారులు ఎప్పుడు కబురు చేస్తే అప్పుడు వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక మానసిక వైద్యురాలు