వృద్ధుల్లో జ్వరం లేకున్నా వైరస్ ఉండొచ్చు

సంపాదకులకు,
ఒకే ఇంట్లో ఒకే వైరస్ సోకినా లక్షణాలు అందరికీ ఒకేలా ఉండవన్న సంగతి మా దేవరకొండ పరిసర గ్రామాల్లో చాలామందికి తెలియకపోవడం బాధాకరం. ఫ్లూ సోకిన యువకుడికి తీవ్ర జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు వస్తే, అదే ఇంట్లోని వృద్ధురాలికి ఒళ్లు వేడెక్కకుండానే అన్నం సయించక, మాట తడబడి, మనుషులను పోల్చుకోలేని స్థితి రావచ్చు. దాన్ని ముసలితనమని వదిలేస్తున్నారు. వయసుతోపాటు రోగనిరోధక స్పందన మందగించడమే ఇందుకు ఒక ముఖ్య కారణం. రెండు నెలలు దాటిన, ఏడాది లోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా ఆర్‌ఎంపీ సూదితో సరిపెట్టక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆశా కార్యకర్తలు ఇంటింటి సర్వేలో జ్వరం ఒక్కటే అడగకుండా, వృద్ధుల వేలికి రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూసేలా జిల్లా వైద్యాధికారులు ఆదేశించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా