వేట ఆగిన 61 రోజుల్లో మా పెద్దల మాట రికార్డు చేయించండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేట ఆపేస్తారు. చేప గుడ్లు పెట్టే కాలం, ఆపాల్సిందే. ఆ రోజులకిచ్చే భృతిని 2025లో 20 వేల రూపాయలకు పెంచారు, సంతోషం. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మోటారు బోట్లన్నీ ఒడ్డెక్కి, మగవాళ్లు ఇళ్ల దగ్గరే ఉండి, పిల్లలకు కూడా చాలా రోజులు బడి లేని కాలం ఏడాది మొత్తం మీద అదొక్కటే. ఆ 61 రోజుల్లో తీరంలోని చేపల ఊళ్లలో పెద్దవాళ్ల జ్ఞాపకాలను వాళ్ల గొంతుతోనే, ఆ ఊరి పిల్లల చేతే రికార్డు చేయించండి. నేను అడగడానికి వచ్చింది ఇంతే. మిగతా ఉత్తరమంతా ఎందుకు, ఎలా అన్నది.

నేను తీరంలోని ఒక పల్లెలో పుట్టి, అలాంటి మరో పల్లెలో పంతులుగా పనిచేస్తున్నవాణ్ణి. ఈ విషయం ఒక ఆఫీసులో అడిగితే "ఇది కళలకు సంబంధించింది కదా" అన్నారు. ఇంకో ఆఫీసులో "చేపలకు సంబంధించింది కదా" అన్నారు. రెండూ నిజమే కాబట్టి నేరుగా మీకు రాస్తున్నాను.

తొందరెందుకంటే, మన తీరంలో మోటార్లు, ఫైబర్ బోట్లు బాగా వ్యాపించింది 1980ల తర్వాత. అంతకుముందు తెడ్డు, తెరచాప, ఒంటి బలం, అంతే. దుంగలు తాళ్లతో కట్టిన తెప్ప మీద అలలు దాటినవాళ్లు, ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి ఆ దుంగల్ని ఆరబెట్టుకున్నవాళ్లు, మేకు అన్నదే లేకుండా కొబ్బరి పీచుతాడుతో పలకలు కుట్టిన పడవలో పెద్దవల పట్టుకెళ్లినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో చిన్నవాళ్లే 65 దాటారు. నైలాన్ రాకముందు నూలు వలల్ని చెట్టు బెరడు ఉడికించిన నీళ్లలో ముంచి ఆరేసిన సంగతి గుర్తున్నవాళ్లు 80కి దగ్గరపడ్డారు. ప్రతి ఏడాదీ కొందరు తగ్గిపోతున్నారు.

జీపీఎస్ లేని రోజుల్లో చేపల తావు మళ్లీ ఎలా దొరికేదో ఇప్పటి కుర్రాళ్లను అడగండి, నవ్వేస్తారు. ఒడ్డునున్న కొండనూ, దాని ముందు ఏ గుడి గోపురాన్నో తాటితోపునో ఒకే వరుసలోకి తెచ్చుకునేవారు. మరో పక్కన ఇంకో జంట గుర్తులు. రెండు వరుసలూ కలిసిన చోట వల దించేవారు. విశాఖ వైపు యారాడ కొండ లాంటివి ఉన్నాయి కాబట్టి సరే, కృష్ణా, గోదావరి డెల్టాల్లో కొండ ఎక్కడిది? అక్కడ నీటి రంగు, లోతు, తాడుకు కట్టిన గుండుకు అంటుకొచ్చిన మట్టి, ఇవే గుర్తులు. సముద్రం ఒకటే, చదువులు రెండు. ఇప్పుడు మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నం పోర్టులు కడుతున్నారు. జువ్వలదిన్నె, నిజాంపట్నం, ఉప్పాడల్లో ఫిషింగ్ హార్బర్లు తలపెట్టారు. పోర్టులు వద్దని నేననను. ఒడ్డు రూపు మారాక పాత గుర్తులు ఉండవు గనక, ఉన్నప్పుడే వాటి సంగతి చెప్పించుకోమంటున్నాను.

ఇక తుఫాన్లు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో దాదాపు 10 వేల మంది పోయారని ప్రభుత్వ లెక్క. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ల మగవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. ఇవన్నీ ఫైళ్లలో ఉన్నాయి. ఆ మధ్యాహ్నం గాలి ఎటు నుంచి ఎటు తిరిగింది, ఎవరు వెళ్లొద్దన్నారు, ఆ మాట ఎందుకు చెల్లలేదు, వల అప్పు తీర్చాలన్న టెన్షన్‌తో ఎవరు బయల్దేరారు, శవం దొరకని ఇంటికి పరిహారం రావడానికి ఎన్ని ఆఫీసులు తిరగాల్సొచ్చింది, మనిషి వస్తాడేమోనని బొట్టు తీయకుండా ఎదురుచూసిన ఆడవాళ్లు ఆ ఏళ్లు ఎలా ఈడ్చారు, ఇవి ఏ ఫైల్లోనూ దొరకవు. 1996 నాటికి పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్లు ఇప్పుడు నానమ్మలు, అమ్మమ్మలు. అడిగితే చెబుతారు. చాలామందిని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

కథలతో విపత్తు శాఖకేం పని అనేవాళ్లుంటారు. ఇండోనేషియాలో సిములూ అనే దీవి ఉంది. అక్కడ 1907లో సునామీ వచ్చింది. భూమి గట్టిగా కదిలి, సముద్రం వెనక్కి తగ్గితే వెంటనే గుట్టెక్కాలని అక్కడివాళ్లు పాటల్లో, కథల్లో పిల్లలకు చెబుతూ వచ్చారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ దీవి భూకంప కేంద్రానికి చాలా దగ్గర. సుమారు 78 వేల జనాభాలో చనిపోయినవాళ్లు ఏడుగురు. సైరన్ లేదు, ఫోన్ మెసేజ్ లేదు. మనకు హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది, సునామీ హెచ్చరికలూ చేపలు దొరికే చోట్ల సమాచారమూ ఇస్తోంది, చాలా మంచి పని చేస్తోంది. అయితే ఆ హెచ్చరిక విని బోటు దించకుండా ఆగాలంటే, ఆగని రోజున ఏం జరిగిందో ఇంట్లో ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.

ఉప్పాడ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఏ తుఫాను వచ్చినా కాకినాడ నుంచి వెళ్లే బీచ్ రోడ్డు కోతపడిన ఫొటో మర్నాడు పేపర్లో ఉంటుంది. రక్షణకని వేసిన జియోట్యూబు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ కూడా దెబ్బతింది. రోడ్డయితే మళ్లీ వేసుకోవచ్చు. ఇప్పుడు నీళ్లున్న చోట ఒకప్పుడు ఎవరి ఇంటి పక్క ఎవరిల్లు ఉండేది, గుడి ఎటు ముఖం పెట్టుకుని ఉండేది, పడవలు ఎక్కడ నిలిపేవారు అన్నది పెద్దవాళ్ల తలల్లో ఉంది. దీంట్లో హక్కుల సంగతీ ఉందండీ. మత్స్యకార గ్రామాల ఉమ్మడి స్థలాలను, చేపలు ఆరబెట్టే చోట్లను తీర నిర్వహణ ప్రణాళిక పటాల్లో గుర్తించాలని తీరంలో కట్టడాలను అదుపు చేసే 2011 సీఆర్‌జెడ్ నోటిఫికేషనే చెప్పింది. "తాతల నాటి నుంచి ఇక్కడే ఆరబెడుతున్నాం" అని ఊరివాళ్లు అంటే, కాగితం చూపించమంటారు. నలుగురు పెద్దలు, ఒకరు చెప్పింది ఒకరు వినకుండా, ఆ చోటే చూపించి చెప్పిన రికార్డు తేదీతో సహా ఉంటే, మాట్లాడ్డానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ పని ఎవరికప్పగించినా నేరుగా రేవుకు వెళ్లి, వల బాగుచేసుకుంటున్న మగవాళ్లను సముద్రం గురించి నాలుగు ప్రశ్నలు అడిగి వచ్చేస్తారు. ఊరు గడిచిన లెక్కలు ఆడవాళ్ల దగ్గరున్నాయి. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు తట్టలో పెట్టుకుని ఎన్ని ఊళ్లు నడిచారు, ఎండుచేపలకు వడ్లు ఎలా కొలిపించుకున్నారు, చేపల తట్టతో బస్సెక్కనివ్వకపోతే ఏం చేశారు, వేట లేని నెలల్లో ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు, ఆ అప్పు ఏ పెళ్లి దగ్గర ఆగింది, అన్నీ వాళ్లకు తెలుసు. మగవాళ్లకు వేట ఆగినా వీళ్లకు పని ఆగదు, ఐసు చేపలు తెచ్చయినా అమ్ముతారు. అందుకని వీళ్లను పంచాయతీ ఆఫీసుకు పిలిచి కుర్చీలో కూర్చోబెట్టకండి. మధ్యాహ్నం బజారు నుంచి వచ్చాక, వాకిట్లో పని చేసుకుంటూ ఉండగా మాట్లాడనివ్వండి. అడిగేది ఆ వీధి ఆడపిల్లే అయితే ఇంకా మంచిది.

వలస సంగతి కూడా వదలొద్దు. ఉత్తరాంధ్ర నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు పనికి వెళ్లేవాళ్లు ఎందరో. అలా వెళ్లి 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కినవాళ్లు 2020 జనవరిలో వాఘా దాటి ఇళ్లకు చేరారు. వాళ్ల వయసు పెద్దదేం కాదు, అయినా అది చరిత్రే.

ఊరి పిల్లలే అడగాలని ఎందుకంటున్నానంటే, బయటివాళ్లకు అడగాల్సిన ప్రశ్నే తెలియదు. టేకు చేప తోక ముల్లు గుచ్చుకుంటే ఏం కట్టేవారని కాకినాడ టౌన్ కుర్రాడికి తట్టదు. ఇందులో ఒక చిక్కూ ఉంది. సొంత మనవడు అడిగితే "నీకు తెలీనిదేముందిరా" అని తాత దాటేస్తాడు. కాబట్టి ఆంధ్రా యూనివర్సిటీ చరిత్ర, మానవశాస్త్ర విభాగాల నుంచి ఒక విద్యార్థిని జతచేస్తే సరిపోతుంది. ఒకరు తెలిసి అడుగుతారు, ఒకరు తెలియక అడుగుతారు, రెండూ కావాలి. రాసేటప్పుడు భాష దిద్దకూడదు. శ్రీకాకుళం తీరం మాట శ్రీకాకుళం మాటగానే, నెల్లూరు తీరంలో పట్టపువారి తమిళం కలిసిన మాట అలాగే ఉండాలి. డ్రోన్ వీడియో, వెనక వీణ మ్యూజిక్ దయచేసి వద్దు. డ్రోన్ మోతలో ముసలమ్మ మాట వినపడదు.

పరికరాల ఖర్చు పెద్దదేం కాదు. ఫోన్లు పిల్లల దగ్గరే ఉన్నాయి. సముద్రపు గాలికి ఫోన్ రికార్డింగు హోరుమంటుంది గనక, స్పాంజి తొడుగున్న కాలర్ మైకులు కొనివ్వాలి. గ్రామ సచివాలయాల్లోని మత్స్య సహాయకులకు ఆ రెండు నెలలు దీన్ని డ్యూటీగా రాసివ్వాలి. వాళ్లకిప్పటికే ఉన్న పనుల పైన ఊరికే ఇంకోటి తోయకండి.

రికార్డు చేసినదంతా ఆన్‌లైన్లో పెట్టేయొద్దు. దీని గురించి అధికారులకు ఎవరూ చెప్పినట్టు లేదు. చేపల తావు ఎక్కడుందో అన్నది ఒక కుటుంబానికి బతుకుతెరువు. తాత ప్రేమగా చెప్పిన గుర్తుల్ని యాప్‌లో మ్యాపు చేసి పెడితే మర్నాడే పెద్ద బోట్లు అక్కడుంటాయి. తీరానికి 8 కిలోమీటర్ల లోపలికి మరపడవలు రాకూడదన్న నిబంధన ఉన్నా ఏం జరుగుతోందో మీకు ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. చేపల గుంపునంతా చుట్టేసే రింగు వలల గొడవలు, కులపెద్దలు వేసిన తప్పులు (జరిమానాలు), ఊరికీ ఊరికీ మధ్య పాత పగలు కూడా మాటల్లో వస్తాయి. ఏది అందరికీ వినిపించాలో, ఏది 20 ఏళ్లు మూసి ఉంచాలో, ఏది తుడిచేయాలో చెప్పే హక్కు చెప్పిన మనిషిదే. అనుమతి పత్రం చదవలేనివాళ్లకు చదివి వినిపించి, ఆ ఒప్పుకోలునూ రికార్డు చేయాలి. ఒక కాపీ ఊరి బడిలో, ఒక కాపీ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉండాలి. ఊరి కాపీ లేకుండా పని పూర్తయినట్టు బిల్లు పాస్ చేయకండి.

మొదటి ఏడాది జిల్లాకు ఒక ఊరు చాలు. చిన్న ఊరే ఎంచుకోండి, హార్బరున్న పెద్ద రేవు వద్దు. ఉత్తర్వు ఫిబ్రవరి కల్లా రావాలి, మార్చిలో పిల్లలకు రెండు మూడు ఆదివారాలు శిక్షణ ఇవ్వాలి. ఏప్రిల్‌లో సంతకమైన కాగితం ఊరికి చేరేసరికి జూన్ వస్తుంది, బోట్లు నీళ్లలో ఉంటాయి. ప్రారంభోత్సవ సభ పెట్టుకుంటామంటే నాకభ్యంతరం లేదు గానీ, ఆ షామియానా డబ్బుతో మరికొన్ని మైకులు వస్తాయి.

ఇట్లు,
తీరప్రాంత ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు